పుస్తకంలో ఉన్న గాలి లెక్క మేకు దాకా ఎందుకు రావడం లేదు?

2018 అక్టోబరు 10 రాత్రి, మనకు పదకొండు గంటల వేళ, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో మెక్సికో బీచ్ అనే చిన్న ఊరి దగ్గర మైకేల్ హరికేన్ తీరం దాటింది. అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నం. మరో ఆరు గంటలకే, ఇక్కడ తెల్లవారుజామున, శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు నేలకొరిగింది ఆ పొద్దునే.

రెండూ ఒక స్థాయి తుఫాన్లు కావు. మైకేల్ గాలి గంటకు సుమారు 257 కిలోమీటర్లు, తిత్లీ గాలి 140–150. పైగా అమెరికా వాళ్ళు చెప్పేది ఒక నిమిషం సగటు, మన వాతావరణ శాఖ చెప్పేది మూడు నిమిషాల సగటు. కాబట్టి ఆ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. నాకు పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. ఇల్లు ఎంత గాలికి నిలబడాలో చెప్పే పుస్తకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆ పుస్తకంలోని మాట ఊళ్ళో కట్టే ఇంటి కప్పు దాకా చేరాలంటే మధ్యలో ఎన్ని చేతులు మారాలి? మన దగ్గర అది ఏ చేతిలో ఆగిపోతోంది?

ముందు ఆ పుస్తకం సంగతి. మన దేశంలో గాలి లెక్కకు ఆధారం ఐఎస్ 875, మూడో భాగం. దీన్ని ప్రచురించేది భారతీయ ప్రమాణాల సంస్థ, అందరూ బీఐఎస్ అంటారు. 1987లో దేశం మొత్తానికి కొత్త గాలి పటం ఇచ్చారు, 2015లో మళ్ళీ సవరించారు. ఆ పటంలో దేశాన్ని సెకనుకు 33, 39, 44, 47, 50, 55 మీటర్ల గాలి అంటూ ఆరు మండలాలుగా విడగొట్టారు. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు 50 మండలంలో ఉన్నాయి. హైదరాబాద్ 44లో, కర్నూలు 39లో ఉన్నాయి. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. అది రోజంతా వీచే గాలి కాదు. బయలు ప్రదేశంలో నేల నుంచి పది మీటర్ల ఎత్తున మూడు సెకన్ల పాటు విసిరికొట్టే గాలి.

ఈ అంకెల్లో చాలామంది పొరబడే చోట్లు రెండున్నాయి. మొదటిది, గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. కర్నూలు 39 నుంచి విశాఖ 50కి వస్తే వేగం పెరిగేది పాతిక శాతం పైచిలుకే. గోడ మీద పడే ఒత్తిడి మాత్రం 64 శాతం పెరుగుతుంది. రెండోది, 50 ఏళ్ళ మాట. ఈ వేగాన్ని 50 ఏళ్ళకోసారి వచ్చే గాలిగా లెక్కగట్టారు. అంటే ఏ ఏడాదికా ఏడాది అంతకు మించిన గాలి వచ్చే అవకాశం నూటికి రెండు. 'అయితే నా ఇంటికి ఢోకా లేదులే' అనిపిస్తుంది. కానీ ఇల్లు 50 ఏళ్ళు నిలవాలి కదా. ఆ మొత్తం కాలంలో కనీసం ఒక్కసారైనా ఆ వేగం దాటే అవకాశం నూటికి 63 దాకా ఉంటుంది. అందుకే ఇంజనీర్లు ఆ గాలి ఒత్తిడిని భద్రత కోసం మళ్ళీ ఒకటిన్నర రెట్లు చేసి లెక్క వేస్తారు.

2015 సవరణలో తీరప్రాంతం వాళ్ళకు సంబంధించిన ముఖ్యమైన మార్పు ఒకటి వచ్చింది. తూర్పు తీరంలో, గుజరాత్ తీరంలో సముద్రానికి 60 కిలోమీటర్ల లోపు కట్టే ఆసుపత్రులు, తుఫాను షెల్టర్లు, టెలిఫోన్ టవర్ల లాంటి వాటికి, అంటే తుఫాను తర్వాత తప్పనిసరిగా పనిచేయాల్సిన వాటికి, గాలి వేగాన్ని 1.30తో గుణించాలి. పరిశ్రమలకు 1.15. మామూలు ఇళ్ళకు ఏమీ పెంచలేదు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత 2004లో వచ్చిన ఐఎస్ 15498 మార్గదర్శకాల్లోనే ఈ లెక్క ఉంది. 2015లో అసలు పుస్తకంలోకి ఎక్కింది. విశాఖలో ఒక ఆసుపత్రికి ఇప్పుడు 50 బదులు 65 మీటర్ల గాలి లెక్క వేయాలి. ఒత్తిడి 69 శాతం ఎక్కువ. 1987 నాటి పాత ప్రతి ముందు పెట్టుకుని డిజైన్ చేస్తే ఆ 69 శాతం ఆ భవనంలో ఎక్కడా ఉండదు. పైకి చూస్తే తెలియదు కూడా.

ఇక కప్పు దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన ఇళ్ళలో గాలికి ముందు పోయేది అదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టాక ఒక వారానికి భీమిలి వైపు మా పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ ఇంటి గోడలు నిలబడే ఉన్నాయి. గోడల మీద అడ్డంగా వేసిన ఇనప పైపులు కూడా కదల్లేదు. రేకులు మాత్రం ఒక్కటి లేదు. పైపులకు జె ఆకారంలో వంచి బిగించిన కొక్కేలు ఇంకా వేలాడుతున్నాయి. వంపు విప్పుకుపోయి, సాగదీసిన గేలాల్లా ఉన్నాయి. రేకులు చూడ్డానికి వచ్చిన మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకుని, "రేకు బాగానే ఉంది బాబూ, కొక్కెమే సాగిపోయింది" అన్నాడు. ఇంజనీర్లు పేజీల కొద్దీ రాసేది అతను ఒక్క మాటలో చెప్పేశాడు.

గాలి రేకును నొక్కి విరగ్గొడుతుందని అనుకుంటాం. నిజానికి అది పైకి లాగుతుంది. కప్పు మీదుగా దూసుకుపోయే గాలి కింద ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ పీల్పు మరీ ఎక్కువ. ఇంతలో కిటికీ రెక్క ఊడిందో, గాజు పగిలిందో, గాలి లోపలికి చొరబడి బుడగ ఊదినట్టు కప్పును కింద నుంచీ తోస్తుంది. పై నుంచి లాగుడు, కింద నుంచి తోపు. పుస్తకంలో దీనికీ లెక్క ఉంది: గోడల్లో సందులు తక్కువగా ఉన్న ఇంట్లో లోపలి ఒత్తిడికి 0.2 వేస్తే, పెద్ద పెద్ద ఖాళీలున్న ఇంటికి 0.7 వేయాలి. తలుపులు, కిటికీలు గట్టిగా ఉండాలనడం వాన చల్లు పడకుండా ఉండటానికే కాదు, కప్పు నిలవడానికి కూడా.

పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగున్న ఒక గది తీసుకుందాం. విశాఖ గాలికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. పై పీల్పు, లోపలి తోపు కలిపి అంతే అనుకున్నా, ఆ గది కప్పును పైకి లాగే బలం 2,800 కిలోలు. రెండు కార్లను ఆ కొక్కేలకు వేలాడదీసినట్టు. సిమెంటు రేకుల సొంత బరువు 300 కిలోలు కూడా ఉండదు, ఇనప రేకులైతే అందులో సగమైనా రాదు. తేడా మొత్తం మోయాల్సింది ఆ కొక్కేలే. పైపును ఒక పక్కనే పట్టుకునే జె కొక్కెం లాగితే విప్పుకుపోతుంది. రెండు పక్కలా పట్టుకునే యు బోల్టు అలా విప్పుకోదు. తుఫాను ప్రాంతాల్లో యు బోల్టులే వాడమని, అంచుల్లో వాటిని దగ్గర దగ్గరగా బిగించమని నిపుణులు చెప్పేది అందుకే.

మూడంతస్తుల స్లాబు ఇంటికి గాలి పెద్ద శత్రువు కాదన్న మాట కూడా చెప్పాలి. దాని బరువే దాన్ని కాపాడుతుంది. ఆ ఇంటికి ముప్పు వచ్చేది అద్దాల ముందుభాగం నుంచి, ఇటుక పిట్టగోడ నుంచి, నీళ్ళ ట్యాంకు నుంచి, అన్నిటికన్నా ఎక్కువగా డాబా మీద తర్వాత వేసుకున్న రేకుల షెడ్డు నుంచి. ఆ షెడ్డు ప్లానులో ఉండదు. గాలికి మొదట లేచేదీ అదే, పక్కింటి మీద పడేదీ అదే.

ఇప్పుడు అసలు చిక్కు. బీఐఎస్ పుస్తకంలో ఉన్నంత మాత్రాన అది చట్టం కాదు. జాతీయ భవన నియమావళి, అంటే 2016లో వచ్చిన ఎన్‌బీసీ కూడా అంతే, తనంతట తాను ఎవరినీ కట్టడి చేయలేదు. రాజ్యాంగం ప్రకారం స్థానిక పాలన రాష్ట్రాల చేతిలోని విషయం. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు 'భవన నిర్మాణాల నియంత్రణ'ను పురపాలక సంఘాల పనుల్లో చేర్చింది. కాబట్టి ఢిల్లీలో రాసిన ప్రమాణం ముందు రాష్ట్ర నిబంధనల్లోకి రావాలి, అక్కడి నుంచి మున్సిపాలిటీ అనుమతి కాగితంలోకి రావాలి, అక్కడి నుంచి సైటు మీద మేస్త్రి చేతికి రావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి అడుగు పడింది. 2017 మార్చిలో జీవో 119 ద్వారా వచ్చిన భవన నిబంధనలు నిర్మాణ భద్రత విషయంలో ఎన్‌బీసీని, బీఐఎస్ ప్రమాణాలను పాటించాలంటాయి. తెలంగాణలో 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర నిబంధనలు, వాటి మీద వచ్చిన సవరణలు, భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఉన్నాయి. కార్పొరేషన్ హద్దు దాటి, పట్టణాభివృద్ధి సంస్థ పరిధి కూడా దాటితే పంచాయతీ. అక్కడ 2002 నాటి గ్రామ పంచాయతీ భవన నిబంధనల దారి వేరు. గాలికి ఈ హద్దులు తెలియవు. తీరం వెంబడి రోడ్డుకు ఒక పక్క మున్సిపాలిటీ, మరో పక్క పంచాయతీ ఉంటే, రెండు పక్కలా రేకుల మీద పడే ఒత్తిడి ఒకటే, అడిగే కాగితాలు మాత్రం వేరు.

ఇదే పీటముడిని ఫ్లోరిడా ఎలా విప్పుకుందో కాస్త నిదానంగా చూడాలి. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీ దక్షిణాన డేడ్ కౌంటీని ఊడ్చేసింది. 25 వేలకు పైగా ఇళ్ళు పూర్తిగా పోయాయి. అప్పటికే ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోడ్‌కు, అంటే భవన నియమాల పుస్తకానికి, దేశంలోకెల్లా గట్టిదని పేరు. అయినా ఎందుకు పోయాయని తవ్వితే కోడ్ కన్నా ఎక్కువగా తనిఖీ దొరికింది. పైకప్పు చెక్కలను మేకులతో కాకుండా స్టేపుల్ పిన్నులతో కొట్టిన ఇళ్ళు, ఆ పిన్నులు కింది దూలానికి తగలకుండా గాల్లోకి దిగిన ఇళ్ళు బయటపడ్డాయి. కప్పు మీద పొర వేసేశాక అది ఎవరికీ కనపడదు. చూడాల్సిన ఇన్‌స్పెక్టర్ల మీద రోజుకు మోయలేనంత పని ఉండేది.

పైగా రాష్ట్రమంతటా ఒక పద్ధతి లేదు. 1974 నుంచి ఫ్లోరిడాలో ప్రతి స్థానిక ప్రభుత్వం ఏదో ఒక కోడ్‌ను ఎంచుకుని అమలు చేయాలన్న నియమం ఉంది. దాంతో సవరణలతో కలిపి నాలుగు వందలకు పైగా స్థానిక కోడ్‌లు తయారయ్యాయి. 1998లో శాసనసభ వాటన్నిటినీ ఒక్కటి చేయాలని చట్టం చేసింది. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్. మూడేళ్ళకోసారి కొత్త కూర్పు వస్తుంది. ఎనిమిదోది 2023 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది.

నాకు బాగా నచ్చింది ఇందులో స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చిన చోటు. నగరం గానీ కౌంటీ గానీ రాష్ట్ర కోడ్‌ను తమ అవసరానికి మార్చుకోవచ్చు, అయితే గట్టిపరచడానికి మాత్రమే. సడలించడానికి వీల్లేదు. ఆ మార్పు కూడా తర్వాతి కూర్పు వచ్చేదాకానే చెల్లుతుంది. ఆ తర్వాత కావాలంటే మళ్ళీ కారణాలు చూపించి తీర్మానం చేసుకోవాలి. అంటే మూడేళ్ళకోసారి ఆ ఊరి సభలో ఎవరో ఒకరు 'మన గాలి సంగతేమిటి?' అని అడగక తప్పదు. మయామీ డేడ్, బ్రోవార్డ్ కౌంటీలకు కోడ్‌లోనే ప్రత్యేక అధ్యాయాలున్నాయి. డేడ్‌లో మామూలు ఇంటికి డిజైన్ గాలి గంటకు 175 మైళ్ళు, అంటే 280 కిలోమీటర్ల పైమాట. ఆ అంకెలో భద్రత కోసం వేసే అదనపు లెక్క ముందే కలిసి ఉంటుంది కాబట్టి మన 180తో నేరుగా పోల్చకూడదు. మన లెక్కలో ఆ భద్రత కలిపితే 220 దాకా వస్తుంది.

ఆ రాష్ట్రం కూడా ఒక చోట మెత్తబడింది. వాయవ్యాన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో తీరం నుంచి ఒక మైలు దాటిన ఇళ్ళకు, గాలికి ఎగిరొచ్చే వస్తువుల నుంచి కిటికీలను కాపాడాలన్న నియమం వర్తించకుండా మినహాయింపు ఇచ్చారు. ఖర్చు పెరుగుతుందన్న వాదన నెగ్గింది. 2007లో దాన్ని తీసేశారు. 2018లో మైకేల్ వచ్చింది సరిగ్గా ఆ ప్రాంతానికే. తీసేయకముందు కట్టిన ఇళ్ళు అప్పటికీ అక్కడే ఉన్నాయి. కోడ్ మార్చిన రోజున పాత ఇళ్ళు మారవు. ఆలస్యం చేసిన ప్రతి ఏడూ, అర్ధశతాబ్దం నిలబడబోయే కొన్ని వేల బలహీనమైన ఇళ్ళను ఊరికి చేరుస్తుంది.

అక్కడ కోడ్ మేకు దాకా ఎలా వెళ్తుందో మా బావమరిది ఫోన్లో చెప్పాడు. జాక్సన్‌విల్‌లో కాస్త పాత ఇల్లు కొన్నాడు. బీమా కోసం విండ్ మిటిగేషన్ తనిఖీ, అంటే ఇల్లు గాలిని ఎంత తట్టుకుంటుందో చూసే తనిఖీ, చేయించుకోవాల్సి వచ్చింది. "ఒకాయన టార్చి పట్టుకుని అటక మీదికి ఎక్కాడు బావా. ప్రతి దూలం గోడకు ఎలా కలిసిందో ఫొటో తీసుకున్నాడు. మేకు ఎంత పొడుగు, ఎన్ని అంగుళాలకొకటి కొట్టారు, అన్నీ రాసుకున్నాడు." ఆ ఫారంలో కప్పుకూ గోడకూ మధ్య ఉన్నది వట్టి మేకులా, క్లిప్పులా, దూలం మీదుగా చుట్టి బిగించిన ఇనప పట్టీలా అని వేర్వేరు గళ్ళు ఉంటాయి. గట్టి గడిలో టిక్కు పడితే ప్రీమియం తగ్గుతుంది. ఆ తగ్గింపు ఇవ్వాలని బీమా కంపెనీలకు రాష్ట్ర చట్టమే చెబుతుంది. కొత్త ఇల్లయితే ఈ చూపు ఇంకా ముందే పడుతుంది. కప్పు చెక్కలకు మేకులు కొట్టాక, పై పొర వేయకముందు ఇన్‌స్పెక్టరు రావాలి. ఆయనకు రాష్ట్ర లైసెన్సు ఉండాలి. ఆయన సరే అనకపోతే తర్వాతి పని జరగదు.

మన దగ్గర తనిఖీ లేదని నేను అనను. ఉంది, కానీ అది టేపుతో జరుగుతుంది. చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్) ఎంత వదిలారు, ఎంత ఎత్తు లేపారు, రోడ్డు వెడల్పెంత అని చూస్తారు. ప్లాను అతిక్రమించకుండా ఉండటానికి కొన్ని భవనాల్లో పది శాతం విస్తీర్ణాన్ని మున్సిపాలిటీకి హామీగా రాసివ్వాలన్న నియమం కూడా పెట్టారు. ప్రభుత్వం తలచుకుంటే యజమాని మీద ఎంత పట్టు సాధించగలదో దాన్నిబట్టే అర్థమవుతుంది. ఆ పట్టు సెట్‌బ్యాక్ కోసం వాడతాం, కొక్కెం కోసం వాడం. పెద్ద భవనాలకు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం అడుగుతారు. ఆ సంతకం కింద ఏ గాలి వేగం తీసుకున్నారు, ఏ సంవత్సరం పుస్తకం చూశారు అన్న రెండు అంకెలు కూడా రాయమని అడిగితే, ప్లానింగ్ విభాగంలో కూర్చున్న మనిషికి లెక్క రాకపోయినా తప్పు పట్టుకోవచ్చు. తీరంలోని ఆసుపత్రి కాగితం మీద 1987 అని కనిపిస్తే ఫైలు వెనక్కి పంపొచ్చు.

అనుమతి లేని అంతస్తును బీపీఎస్ అనే ప్రభుత్వ పథకం కింద రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేయడం మనకు అలవాటైపోయింది. కాగితం మీద ఆ అంతస్తు సక్రమమవుతుంది. దాని మీద పడే గాలి మాత్రం రుసుముతో తగ్గదు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి వేగం పెరుగుతుందని ఆ పుస్తకంలోనే పట్టిక ఉంది.

చిన్న ఇళ్ళ సంగతి ఇంతకన్నా కష్టం. వాటికి ఇంజనీరు ఉండడు, మేస్త్రే ఉంటాడు. అతని చేతికి వంద పేజీల ప్రమాణం ఇచ్చి లాభం లేదు. అతనికి కావలసింది ఒక్క బొమ్మల కాగితం: ఏ బోల్టు వాడాలి, నడుమ ఎంత దూరానికి, అంచుల్లో ఎంత దూరానికి బిగించాలి, పైపును గోడలోకి ఎంత లోతున దించాలి. పంచాయతీ అనుమతి కాగితంతో పాటు అది ఇస్తే, దాని ప్రకారం కట్టిన ఇంటిని కోడ్ ప్రకారం కట్టినట్టే లెక్కించొచ్చు. అమెరికాలో చిన్న ఇళ్ళకు ఇలాంటి పట్టికలే వాడతారు, ప్రతి ఇంటికీ లెక్క వేయరు.

మరి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు మన చేతిలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల్లో డబ్బు ఒక్కసారి ఇవ్వరు. బేస్‌మెంట్ లెవెల్ అయ్యాక కొంత, రూఫ్ లెవెల్ అయ్యాక కొంత. ప్రతి దశలో ఎవరో ఒకరు వచ్చి, ఆ స్థలం వివరాలు నమోదయ్యేలా ఫోన్లో ఫొటో తీసి పంపాకే బిల్లు వస్తుంది. అంటే ఫ్లోరిడాలో ఉన్న దశలవారీ తనిఖీ మన పల్లెల్లో ఇప్పటికే జరుగుతోంది, బిల్లు కోసం. అదే మనిషి అదే ఫోన్‌తో, రేకు వేసే ఇళ్ళలో బోల్టు దగ్గర నుంచి ఇంకొక్క ఫొటో తీయడానికి కొత్త శాఖ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో వార్డు ప్లానింగ్ సెక్రటరీలు 2019 నుంచి ఉన్నారు. డాబా మీది షెడ్డును చూడమని వాళ్ళకు రాతపూర్వకంగా చెబితే చాలు.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో చాలా చోట్ల కరెంటు తీగలను భూమిలోకి దించారు. స్తంభాలు పడితే నగరం ఎన్ని రోజులు చీకట్లో ఉంటుందో అందరూ చూశారు కాబట్టి ఆ పని జరిగింది. కప్పు పోయిన ఇంటి చీకటి ఆ ఒక్క ఇంటికే తెలుస్తుంది.

మా పెద్దమ్మ ఇంటికి మేస్త్రి మళ్ళీ రేకులు వేశాడు. ఈసారి యు బోల్టులు కావాలని పట్టుబట్టాం. కొట్లో దొరక్కపోతే భీమిలిలో చేయించుకుని తెచ్చాం. చూరు దగ్గర రెండేసి బిగించాడు. ఆవిడ ఇంటి పన్ను రసీదు తీసి చూస్తే అందులో 'రేకుల ఇల్లు' అని ఒక్క మాట ఉంది. ఆ రేకును దేనితో బిగించారో రాయడానికి గడి లేదు.